పడవలో వెనక చోటు

బూడిదరాయి సరస్సు,
జూన్ నెలాఖరు

డార్కస్ వదినకి,

మొన్న దుకాణంలోని రేడియో ఫోన్‌లో నువ్వు మాట్లాడింది నాలుగు మాటలు. నేను దుకాణం మెట్లు దిగేలోపే ముగ్గురు ఆపారు. "మీ వదినకి తుంటిలో ఇనుము పెట్టారటగా, తుప్పు పట్టకుండా చేపలా కాస్త పొగబెట్టి పంపమను" అన్నాడు ముసలి అమోస్. ఊళ్లో ఎవరి ఇంట్లో రేడియో ఉంటే వాళ్లంతా విన్నారన్నమాట. అందుకే ఇకనుంచి ఉత్తరాలు. వాతావరణం బాగుంటే విమానం గురువారం సరస్సు మీద దిగుతుంది. నీ ఉత్తరం నా చేతికి రావడానికి అదొక్కటే దారి.

అన్నయ్య బాగున్నాడు. నువ్వు లేవని వంట తనే చేసుకుంటున్నాడు. చేసింది తనే తింటున్నాడు. కుక్క మాత్రం మా ఇంటికి వచ్చి తింటోంది.

ఈ వేసవి మొదటి యాత్ర పూర్తయింది. రెజైనా పట్నం నుంచి వచ్చినవాళ్లు, మూడు తెడ్డు పడవలు. ఎగువ సరస్సుల దాకా తీసుకెళ్లి తెచ్చాను. వాళ్లకు తెల్లచేప కావాలట. బయటివాళ్లు మన నీళ్లలో వల వేయకూడదు. తెల్లచేప గాలానికి పడదు, పైక్ చేపతో సరిపెట్టుకోండి అని ఎప్పటిలాగే చెప్పాను. నాన్న కూడా అదే చెప్పేవాడు. ఇద్దరం తప్పు చెప్పాం. సాయంత్రం గాలి ఆగి, రెక్కల పురుగులు నీటి మీద రాలుతున్నప్పుడు, ఆ చేపలు ముక్కులు పైకి పెట్టి ఒక్కొక్కటే తాపీగా మింగుతున్నాయి. వాళ్లు గోరంత గాలానికి ఈక చుట్టి, నీటి మీద వదిలారు. చేప పట్టుకుంది. నేనూ అడిగి తీసుకుని వేశాను. పైక్‌ని లాగినట్టు లాగాను. పెదవి చిరిగి వెళ్లిపోయింది. అంత మెత్తటి నోరు వదినా దానికి. రెండోసారి నెమ్మదిగా తెచ్చాను. ఈ మాట ఊళ్లో ఎవరికీ చెప్పకు. గాలంతో తెల్లచేప పట్టానని తెలిస్తే నేను చచ్చేదాకా చెప్పుకుని నవ్వుతారు.

ఆ గుంపులో హ్యూ అని ఒకాయన, పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకూ నీలాగే తుంటి మార్చారు. పడవ ఎక్కడమే ఒక తతంగం. నడుమెత్తు రాయి వెతుక్కుని, పడవని దానికి ఆనించి, ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తెచ్చుకుంటాడు. భార్య ముందు, ఆయన వెనక, ఎత్తు దిండు మీద రాజుగారిలా. మొదటిరోజు నవ్వాను.

డాక్టరు ఏమన్నాడో వివరంగా రాయి. ఆకులు రాలాక ఎప్పటిలాగే మనిద్దరం తెల్లచేపలకి వల వేయడానికి ఇరుకుపాయకి వెళ్లాలి. ముందు చోటు నీది. ఆ చోటు తనకిమ్మని పక్కింటి టబితా అప్పుడే అడిగింది. లేదన్నాను.

నీ కెజియా

---

సస్కటూన్,
జూలై

నా మరదలు పిల్లకి,

యాభై దాటినా నువ్వు మరదలు పిల్లవే. గాలం సంగతి ఎవరికీ చెప్పను. నా కూతురు కాబట్టి నయోమికి మాత్రం చెప్పాను. తను వాళ్లాయనకి చెప్పింది. ఆయన ఎవరికి చెప్పాడో నాకు తెలియదు.

కూతురి ఇల్లు బాగుంది. మెట్లు తక్కువ. నా మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. నేల మీద పడ్డవి తీసుకోవడానికి నయోమి ఒక పొడుగాటి పట్టకారు కొనిపెట్టింది. దాంతో చెంచా తీస్తాను, దువ్వెన తీస్తాను. మేజోళ్లు తొడుక్కోవడానికి ఇంకో సాధనం ఉంది, తాడు కట్టిన డొప్పలాంటిది. మనవరాలు దాన్ని బొమ్మలకి పడవ చేసుకుంది. మేజోళ్లు కావాల్సినప్పుడు ఆ పిల్లని అడిగి తెచ్చుకోవాలి.

ఇక్కడి కొట్లో తెల్లచేప దొరికింది. మంచుగడ్డలో ఉంది. ఏ సరస్సుదని అడిగితే అమ్మాయి పెట్టె తిప్పి చూసి, ఇక్కడ రాయలేదంది. తెచ్చి వండాను. నయోమి వాళ్లాయన బాగుందన్నాడు. పాపం, మంచివాడు.

డాక్టరు గురించి అడిగావు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. పడవలో కూర్చోవచ్చా అని అడిగాను. మూడు నెలలు దాటాక కూర్చోవచ్చు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఎవరైనా పట్టుకోవాలి అన్నాడు. అదీ సంగతి. టబితాకి చెప్పు.

రోజూ కర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాను. మీ అన్నకి చెప్పు, ఎలుగులు తిరిగే వేళ చెత్త బయట పెట్టొద్దని. అన్నీ చెప్పాల్సిందే ఆయనకి.

నీ వదిన
డార్కస్

---

బూడిదరాయి సరస్సు,
ఆగస్టు మొదట్లో

వదినా,

నీ ఉత్తరం వచ్చిన రోజున వల దించి ఆరేశాను. బెండ్లు పగిలినవి మార్చాను. కింది అంచుకి కట్టే రాళ్లు కొత్తవి ఏరాను. అన్నయ్య చూసి, "ఇంకా ఆకులైనా ముదరలేదు" అన్నాడు. "నీకెందుకు, రాయి మొయ్యి" అన్నాను.

తర్వాత రెండో యాత్రకి వెళ్లాను. పడవ మోసుకెళ్లే దారిలో వాన పట్టుకుంటే, పడవ బోర్లించి దాని కింద కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదివాను. చదివేకొద్దీ కొన్ని సంగతులు ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. రాస్తున్నాను, తప్పయితే చెప్పు.

చెంచా పడితే నువ్వు వంగి తీయలేవు. మేజోడు తొడుక్కోవడానికి నీ పాదం నీ చేతికి అందదు. మంచం ఎత్తు చేస్తేగానీ లేవలేవు. ఇవన్నీ నువ్వే రాశావు. మన పడవలో ముందు కూర్చునే మనిషి పడవ అడుగున మోకాళ్ల మీద ఉండాలి. మడమల మీద బరువు వేసి, పొద్దుటి పూటంతా. అంచు మీదుగా వంగి వల ఎత్తాలి, ఒళ్లోకి లాక్కోవాలి, మొప్పలు చిరగకుండా చేపని వల కన్నులోంచి తియ్యాలి. చెంచా తీయలేని మనిషికి ఇది ఎవరు సరేనన్నారు?

డాక్టరు కూర్చోవచ్చు అన్నాడని రాశావు. ఆయనకి ఏ పడవ అని చెప్పావు?

కోపగించుకోకు. నువ్వు రావాలని నాకు ఎంత ఉందో నీకు తెలుసు. అందుకే అడుగుతున్నాను.

టబితా మళ్లీ అడిగింది. ఏమీ చెప్పలేదు.

కెజియా

---

సస్కటూన్,
ఆగస్టు

కెజియాకి,

కోపం వచ్చింది. మూడు రోజులు ఉంది. తర్వాత పోయింది.

నేను డాక్టరుకి అబద్ధం చెప్పలేదు. "మీరు పడవలో కూర్చునే చేపలు పడతారా?" అని ఆయనే అడిగాడు. "కూర్చునే" అన్నాను. మనవాళ్లు ఎవరైనా అదే చెబుతారు. పడవలో మోకాళ్ల మీద ఉండడాన్ని మనం ఎప్పుడైనా కూర్చోవడం కాదనుకున్నామా? నాకు ఆ ఆలోచనే రాలేదు. సరే, తర్వాత వచ్చింది. ఇంటికి వచ్చాక, స్నానాల గదిలో సబ్బు పడినప్పుడు వచ్చింది. ఆ సంగతి నీకు రాయలేదు.

నీ ఉత్తరం నయోమి చదివింది. నన్ను కారులో వేసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎదుట ఏం చేసిందనుకున్నావు? నేల మీద మోకాళ్లు వేసి, రోగుల మంచం మీద పరిచే కాగితం చుట్ట ఉంటుంది చూడు, అది పట్టుకుని, "ఇదే వల అనుకోండి డాక్టర్" అంటూ లాగడం మొదలుపెట్టింది. చుట్ట మొత్తం ఊడి గదిలో పరుచుకుంది. "అమ్మ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇలా కూర్చుంటుంది" అంది.

"దీన్ని మీరు కూర్చోవడం అంటారా?" అన్నాడు ఆయన.

"మరేమంటారు?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ మడతలో, ఆ బరువుతో, ముందుకు వంగితే కీలు జారిపోతుంది అన్నాడు. నీళ్ల మధ్య జారితే ఒడ్డుకి కూడా తేలేరు అన్నాడు. ఈ ఏడు వద్దు. వచ్చే ఏడు అప్పుడు చూద్దాం.

కాబట్టి టబితాని తీసుకెళ్లు. వాగుతుంది గానీ చేతులు మంచివి. నేను ఒడ్డున ఉండి టీ కాస్తాను, చేపలు చీరి పొగ మీద వేస్తాను. అదీ పనే, కాదనను.

ఒక్క మాట రాసి ఆపేస్తాను. మా అమ్మ ఒక శరత్కాలం మోకాలు నొప్పి అని ఒడ్డున ఉండిపోయింది. ఈ ఒక్కసారికే అంది. ఆ తర్వాత ఎవరూ ఆమెని పడవలోకి పిలవలేదు, ఆమె అడగలేదు. నేనూ పిలవలేదు. మేం పడవ నెట్టుకు వెళ్తుంటే కెటిల్ పట్టుకుని నిలబడేది. ఆ కెటిల్ నేను ఇంకా పట్టుకోదలచుకోలేదు కెజియా. అంతే.

డార్కస్

---

సస్కటూన్,
సెప్టెంబరు మొదటివారం

కెజియాకి,

రెండు గురువారాలు దాటాయి. నీ నుంచి ఏమీ లేదు. అడవి మంటల పొగ వల్ల విమానం రాలేదనుకున్నాను. కానీ మీ అన్న ఉత్తరం వచ్చింది. మీ అన్న ఉత్తరం రాయడం ఎప్పుడైనా చూశావా? ఇదిగో, మొత్తం రాస్తున్నాను: "బాగున్నాను. చెత్త లోపలే పెడుతున్నాను. సాయంత్రాలు కెజియా, నేను పడవలో వెళ్తున్నాం. వల ఎత్తడం సాధన. ఇంకేమీ చెప్పొద్దంది. హోసియా."

ఓహో. టబితా కాదన్నమాట. నా మొగుణ్నే నా చోట్లో కూర్చోబెట్టావు. ఆయన ముందు కూర్చుంటే పడవ ముక్కు నీళ్లు తాగుతుంది. ఆయన వేళ్లు నీకు తెలియనివా? చేపని వలలోంచి తీయమంటే బూటులోంచి కాలు తీసినట్టు తీస్తాడు. ఆయన వల ఎత్తిన శరత్కాలం మన పొగ గుడిసెలో తలలు ఊడిన చేపలు ఎన్ని వేలాడాయో గుర్తు చేసుకో.

నాతో ఒక్క మాట అనకుండా ఏర్పాటు చేసుకున్నావు. నేనే ఎవరినైనా తీసుకెళ్లమన్నాను కాబట్టి నాకు అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను. రాయి.

డార్కస్

---

బూడిదరాయి సరస్సు,
సెప్టెంబరు

వదినా,

అన్నయ్యకి చెప్పొద్దన్నాను. చెప్పాడు. అదీ సగమే చెప్పాడు. ఇద్దరు మనుషులు పడవలో వెళ్తున్నారంటే ముందు ఎవరు, వెనక ఎవరు అని రాయాలా వద్దా?

ముందు కూర్చుంటున్నది నేను.

నీ ఉత్తరం వచ్చాక ఏం రాయాలో తెలియలేదు. అందుకని ముందు పని చేశాను. హ్యూకి జాబు రాసి, పడవలో ఆయన దిండు ఎంత ఎత్తు, ఎలా ఎక్కుతాడు, ఎలా దిగుతాడు అని అడిగాను. వెంటనే జవాబిచ్చాడు, బొమ్మలు వేసి మరీ. తుంటి మోకాలి కంటే పైన ఉండాలి, అది ఒక్కటే నియమం అన్నాడు. కాళ్లు ముందుకి చాపుకుని కూర్చుంటే పర్వాలేదు. అలా కూర్చోగలిగే చోటు పడవలో ఒక్కటే ఉంది. వెనక.

వెనక చోటు గురించి నీకు చెప్పక్కర్లేదు, పడవని తిప్పేది అక్కడి తెడ్డే. నాన్న తన తెడ్డు నాకిచ్చిన రోజు నుంచి నా పడవలో ఎవరినీ అక్కడ కూర్చోనివ్వలేదు. మా ఆయన బతికున్నప్పుడు ఆయన్నీ కూర్చోనివ్వలేదు. "ఈ పడవ వెనక కూర్చునే అదృష్టం నాకు శవమయ్యాకే" అనేవాడు. ఇప్పుడు ఇవ్వడం నాకు ఇష్టంగా ఉందని రాస్తే నువ్వు నమ్మవు. ఇష్టంగా లేదు. రెండు రాత్రులు దానితోనే సరిపోయింది. కానీ లెక్క ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది. నువ్వు మోకాళ్ల మీద ఉండలేవు, నేను ఉండగలను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేలిపోయింది.

అన్నయ్య స్ప్రూస్ చెక్క పలకలతో వెనక చోటు ఎత్తు చేశాడు. ఎత్తు చేస్తే పడవ ఊగుతుందని అడుగున రాళ్లు పేర్చాడు. తనే కూర్చుని చూశాడు. మొదటిరోజు ఇద్దరం నీళ్లలో పడ్డాం. ఒడ్డున అమోస్ ఉన్నాడు. "తెల్లచేపల్ని చేత్తో పడుతున్నారా?" అని అరిచాడు. రాళ్లు ఇంకొన్ని వేశాం. ఇప్పుడు నిలకడగా ఉంది. నీ బరువు అన్నయ్యలో సగం, ఇంకా బాగుంటుంది.

అసలు ఇబ్బంది నాతోనే. నాకు వల ఎత్తడం రాదు వదినా. ఇన్నేళ్లు నీ వెనక కూర్చుని, ఇలా లాగు, అలా వదులు అని చెబుతూ వచ్చాను. చెప్పేటప్పుడు తేలిగ్గా ఉండేది. చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా తెలియడం లేదు. నిన్న రెండు చేపల మొప్పలు చింపాను. వల దారం వేళ్లకి కోసుకుని రక్తం వచ్చింది. "మా ఆవిడ ఇలా చెయ్యదు" అని అన్నయ్య ప్రతి చేపకీ అంటాడు. ఒక దెబ్బ వేశాను, తెడ్డుతో.

కాబట్టి జాలి పడి పిలవడం కాదు. నువ్వు రాకపోతే నాకు నేర్పేవాళ్లు లేరు. రా.

కెజియా

---

సస్కటూన్,
సెప్టెంబరు నెలాఖరు

నా మరదలు పిల్లకి,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. బానక్ రొట్టె మాడిపోయింది. నయోమి వాళ్లాయన అది కూడా బాగుందన్నాడు.

హ్యూ బొమ్మలు డాక్టరుకి చూపించాం. ఈసారి నయోమి రెండు కుర్చీలు, ఒక బల్ల వాడింది. ఆయన లేచి వచ్చి తనే కొలిచాడు. ఎక్కించేటప్పుడు ఒకరు, దించేటప్పుడు ఒకరు ఉండాలి, గాలి ఎక్కువగా ఉంటే వెళ్లొద్దు, అక్టోబరు ఆఖరికి వచ్చి చూపించుకోవాలి. ఒప్పుకున్నాను. అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాడు, నా మీద నమ్మకం పోయినట్టుంది.

అక్టోబరు మొదటి గురువారం విమానంలో వస్తున్నాను.

భయంగా ఉంది. అది నీకు రాయకపోతే ఇంకెవరికి రాస్తాను? పడవ వెనక కూర్చుని తెడ్డు పట్టింది ఎప్పుడో పెళ్లికి ముందు. ఇరుకుపాయలో నీళ్లు ఎలా తోస్తాయో ముందు నుంచి తెలుసు, వెనక నుంచి తెలియదు. నీ ముందు తప్పు చెయ్యడం ఒక లెక్క, నీ వెనక కూర్చుని తప్పు చెయ్యడం ఇంకో లెక్క. నువ్వు తల తిప్పి చూడకుండా ఉండలేవు. నాకు తెలుసు.

వేళ్లకి రాసుకోవడానికి ఎలుగు కొవ్వు మా ఇంట్లో పై అరలో ఉంది. తీసుకో.

డార్కస్

---

సస్కటూన్,
అక్టోబరు నెలాఖరు

కెజియాకి,

క్షేమంగా చేరాను. నీటి విమానానికి ఇదే ఆఖరు రాక అని పైలట్ అన్నాడు. ఒడ్డున అప్పటికే అద్దంలాంటి మంచు పట్టింది. ఇక సరస్సు గడ్డకట్టి చక్రాల విమానం మొదలయ్యాకే నీకు ఈ ఉత్తరం అందుతుంది. తొందరేమీ లేదు.

పొగబెట్టిన చేపలు నయోమికి ఇచ్చాను. ముక్క నోట్లో పెట్టుకుని, వెంటనే ఇంకో ముక్క తీసుకుంది. వాళ్లాయన మాత్రం, "ఇది ఏ కొట్లోది?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ ఆయన నిజంగానే బాగుందనుకున్నాడు.

ఆస్పత్రిలో వరసలో కూర్చున్నవాళ్లు అడిగితే, ఇరుకుపాయ సంగతి చెప్పాను. నువ్వు అక్కడ లేవు కాబట్టి నాకు నచ్చినట్టు చెప్పాను. ఎలా చెప్పానో రాస్తున్నాను, ఏమైనా తేడా ఉంటే సరిచెయ్యి.

మా ఆయన నన్ను పీపా ఎత్తినట్టు ఎత్తి పడవలో పెట్టాడన్నాను. సాయంత్రం వల వేసి వచ్చాం, పొద్దున్నే ఎత్తడానికి వెళ్లాం, పాప్లర్ ఆకులు నీళ్ల మీద పసుపు పరిచినట్టు ఉన్నాయన్నాను. నువ్వు ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కుడికి! కాదు, ఎడమకి! నిదానం! వదినా, నిద్రపోతున్నావా?" అని వెనక్కి తిరిగి తిరిగి అరిచావన్నాను. ఒక ముసలాయన, "మా ఆవిడ కారులో ఇలాగే" అన్నాడు.

తర్వాత వల కింది అంచు నీళ్ల అడుగున రాతికి చిక్కుకుంది. సరిగ్గా అప్పుడే ఉత్తరం నుంచి గాలి లేచింది. పడవ అడ్డం తిరగబోయింది. అక్కడ ఏం జరిగిందో నీకు తెలుసనుకుంటున్నావు. తెలియదు. నీ వీపు నావైపు ఉంది.

నువ్వు అరవకముందే నీ ఎడమ భుజం వాలింది. వల ఎటు లాగుతుందో ముందు కూర్చున్నవాళ్ల భుజానికి ముందు తెలుస్తుంది, నోటికి తర్వాత. పాతికేళ్లు ఆ పని చేసినదాన్ని. నువ్వు ఇన్నేళ్లూ వెనక కూర్చుని నీళ్లని చూశావు, గాలిని చూశావు. నా భుజాన్ని ఎప్పుడూ చూడలేదు. అందుకే నీకు అరవాల్సి వచ్చేది. నీ భుజం వాలగానే నేను తెడ్డు వేశాను. పడవ రాతి మీదికి తిన్నగా వెళ్లింది, వల సడలింది, నువ్వు ఎత్తావు. పట్టు విడిపోయి వచ్చింది, చేపలతో సహా, ఒక్క కన్ను కూడా చిరగకుండా. ఆ తర్వాత నువ్వు కుడికి అనలేదు, ఎడమకి అనలేదు. వల చివరిదాకా వచ్చేవరకు ఇద్దరం మాట్లాడలేదు. చేపలు పడవలో కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నువ్వు ఎప్పుడు అరవడం మానేశావో నీకు తెలిసి ఉండదు. నాకు తెలుసు.

ఒడ్డుకి వచ్చాక అమోస్, "వెనక ఎవరు? ముందు ఎవరు? నా కళ్లు పోయాయా?" అన్నప్పుడు నువ్వు, "మా వదిన పడవ నడుపుతోంది, జరుగు" అన్నావు చూడు, ఆస్పత్రిలో అది కూడా చెప్పాను. అక్కడ మాత్రం ఏమీ కలపలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీశాడు. కీలు ఉండాల్సిన చోటే ఉంది. ఎముక పట్టుకుంటోంది, బాగా చేశారు అన్నాడు. ఆయనకీ ఒక చేప ఇచ్చాను. కాసేపు ఫోటో వైపు చూసి, ఇలాగే ఉంటే వచ్చే శరత్కాలానికి మోకాళ్ల మీద కూర్చోవచ్చు, మళ్లీ మీ ముందు చోటుకి వెళ్లిపోవచ్చు అన్నాడు, పెద్ద శుభవార్త చెబుతున్నట్టు.

ఈ మాట ఎలాగూ నయోమి నీకు రాస్తుంది, నువ్వు ఆశ పెట్టుకుంటావు. అందుకని నేనే ముందు రాస్తున్నాను. వెనక చోటు ఇవ్వను.

నీ వదిన
డార్కస్